కుక్క, నాటు కోళ్లు ఒకే పెరట్లో: ముందు జాలీ, తర్వాతే ట్రైనింగ్

గుంటూరు గోరంట్లలో సొంత ఇల్లు, వెనక కాస్త పెరడు, ఎనిమిది నెలల లాబ్రడార్. సంక్రాంతి అయ్యాక అత్తగారు ఊరి నుంచి నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు పంపిస్తానంటున్నారు. కుక్కతో కలిసి ఉంటాయా, లాబ్రడార్ సాధు జాతే కాబట్టి టెన్షన్ అక్కర్లేదా అన్నది మీ ప్రశ్న.

ఉంటాయండి. విజయవాడ పక్కన పోరంకిలో మా ఇంట్లో ఏళ్లుగా ఉంటున్నాయి. మాకూ ఒక లాబ్రడార్ ఉంది, వీధిలో దొరికితే తెచ్చి పెంచుకున్న నాటు ఆడకుక్క ఒకటి ఉంది, పెట్టలూ పిల్లలూ కలిపి పెరటి నిండా కోళ్లున్నాయి. కానీ సాధు జాతి అన్న మాట మీద మాత్రం భరోసా పెట్టుకోకండి. లాబ్రడార్ జాతిని పెంచుకుంటూ వచ్చిందే వేటగాళ్లు కొట్టిన బాతుల్ని నీళ్లలోంచి నోట కరచుకుని తెచ్చివ్వడానికి. రెక్కలు కొట్టుకుంటున్న పక్షి కనిపిస్తే దాని ఒళ్లంతా అటే లాగుతుంది. కొరికి చంపాలన్న కసి ఉండదు, మెత్తగానే పట్టుకుంటుంది. అయినా చాలాసార్లు కోడి బతకదు. పైకి గాయం కనపడకపోయినా భయంతోనో లోపలి దెబ్బతోనో పోతుంది. మా రెండింట్లో కోళ్లకు త్వరగా అలవాటు పడింది నాటు కుక్కే. రాజపాళయం లాంటి వేట జాతి అయి ఉంటే, లేదా టెర్రియర్ అయి ఉంటే, కోళ్లను ఎప్పటికీ జాలీ లోపలే ఉంచుకోమని చెప్పేవాణ్ని.

కుక్క వీపు మీద కోడిపిల్ల కూర్చున్న వీడియోలు చూసి అలాంటిది ఆశించకండి. కోడి తన మూతి ముందు నుంచి నడిచి వెళ్లినా తల తిప్పని కుక్క మీకు కావాలి. అంతవరకు వస్తే చాలు.

ముందు గూడు. కోళ్లు ఇంటికి రాకముందే గూడు, దాని ముందు జాలీ ఆవరణ తయారై ఉండాలి. ఊళ్లో రాత్రికి గంప కింద కమ్మేసి, తెల్లారాక ఎత్తేస్తారు. కుక్క ఉన్న ఇంట్లో గంప పనికిరాదు, మూతితో ఒక్క తోపు తోస్తే పక్కకు పడుతుంది. షాపుల్లో కోడి జాలీ అని ఇచ్చే ఆరు మూలల సన్న తీగ జాలీ కోడిని లోపల ఉంచుతుంది తప్ప కుక్కను బయట ఆపలేదు, పళ్లతో లాగితే విచ్చుకుంటుంది. అరంగుళం కన్నాలున్న వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించి చేసిన గట్టి జాలీ తీసుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ ముంగిసను, ఎలుకలను ఆపేది కూడా అదే. గూట్లో ఒక్కో కోడికి 2 నుంచి 3 చదరపు అడుగులు, ఆవరణలో 8 నుంచి 10 చదరపు అడుగులు లెక్క వేసుకోండి. పైన కప్పు తప్పనిసరి. లేకపోతే పిల్లి దూకుతుంది, గద్ద దిగుతుంది, కోడి తనే ఎగిరొచ్చి కుక్క ముందు వాలుతుంది.

అడుగు భాగాన్ని చాలామంది అశ్రద్ధ చేస్తారు. మీది నల్లరేగడి నేలైతే ఎండాకాలం పగుళ్లిచ్చి జాలీ కింద సందు పడుతుంది. వానాకాలం మెత్తబడి, కుక్క నిమిషాల్లో గొయ్యి తీసేస్తుంది. మేము జాలీ అంచును బయటి వైపుకు అడుగున్నర మేర మడిచి, నేల మీద పరిచి, పైన నాపరాళ్లు వేయించాం. కుక్క ఎప్పుడూ జాలీ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. కాలికి రాయి తగిలితే మానేస్తుంది. తలుపుకు మామూలు కొక్కెం సరిపోదు, మూతితో ఎత్తేస్తుంది. లోపలికి దూర్చి పక్కకు తిప్పే గడియ పెట్టించండి.

ఊరి నుంచి వచ్చిన కోళ్లను ఎలాగూ వెంటనే వదలకూడదు. కొక్కెర తెగులు (కోళ్లకు వచ్చే అంటు జబ్బు) లాంటిదేమైనా మోసుకొచ్చాయేమో చూడాలి, టీకా వేయించాలి, కొత్త గూడే తమ ఇల్లని వాటికి అలవాటు కావాలి. రెండు మూడు వారాలు లోపలే ఉంచండి. కుక్కకు కోళ్లను అలవాటు చేయడానికి ఆ వారాలే మంచి అదను.

పొద్దున్నే బాగా నడిపించి, కడుపులో తిండి పడ్డాక, లీష్ వేసి జాలీకి దూరంగా నిలబడండి. ఎంత దూరం అంటే, కోళ్లను చూస్తూ కూడా మీరు పేరు పెట్టి పిలవగానే మీ వైపు తిరగగలిగినంత. పది అడుగులు కావొచ్చు, ముప్ఫై కావొచ్చు. తిరగ్గానే పనీర్ ముక్కో, ఉడికించిన లివర్ ముక్కో నోట్లో పెట్టండి. తిరగలేదంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం, వెనక్కి వెళ్లండి. రోజూ పది నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. ముట్టుకోకుండా ఊరుకోమని చెప్పే ‘వదులు’ అన్న మాట ముందు ఇంట్లో బిస్కెట్ పెట్టి నేర్పండి. హాల్లో బిస్కెట్ దగ్గరే ఆగని కుక్క కోడి దగ్గర ఆగదు.

ఇక్కడే కుక్క ఒంటి భాష తెలియాలి. నోరు తెరిచి, నాలుక వేలాడేసి, తోకతో పాటు నడుము కూడా ఊగుతుంటే అది మామూలు కుతూహలం. మొరిగినా ఫర్వాలేదు. నాకు భయం వేసేది అది సద్దుమణిగినప్పుడు. తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకొచ్చి అలాగే నిలిచిపోతాయి. తల దించి వీపుతో సమానంగా పెడుతుంది. ముందు కాలు ఒకటి సగం ఎత్తి గాల్లోనే ఉంచుతుంది. తోక బిగుసుకుంటుంది, చూపు ఒకే కోడి మీద. ఆ స్థితిలో రెండు సెకన్లు గడిస్తే ఇక మీ పిలుపు దాని చెవికెక్కదు. నోరు మూసుకున్న క్షణంలోనే పిలిచి, పక్కకు తిప్పి నడిపించుకెళ్లాలి.

కోళ్లు చేసే పనుల్లో కుక్కను అన్నిటికంటే రెచ్చగొట్టేది మట్టిస్నానం. పెట్ట చిన్న గుంట చేసుకుని, పక్కకు ఒరిగి, కాళ్లు కొట్టుకుంటూ, రెక్కలతో దుమ్ము ఎగజల్లుకుంటూ, కళ్లు మూసుకుని పడి ఉంటుంది. మనకు అది హాయిగా ఉన్నట్టే కనిపిస్తుంది. కుక్క కంటికి మాత్రం దెబ్బ తిని కొట్టుకుంటున్న పక్షి. మా లాబ్రడార్ నడిచే కోళ్లను పట్టించుకోవడం మానేశాక కూడా, మట్టిస్నానం చూస్తే చాలాకాలం లేచి నిలబడేది. గోడ మీంచి టపటపా రెక్కలు కొట్టుకుంటూ దిగే కోడి, గుడ్డు పెట్టి గోల చేసే పెట్ట కూడా అంతే. లీష్ విప్పే ముందు వీటన్నిటినీ కుక్క చూసి ఊరుకోగలగాలి. అప్పుడు కూడా ఒక్కసారిగా వదిలేయకుండా, ఛాతీకి వేసే హార్నెస్‌కు 15 అడుగుల తాడు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. ఏదైనా జరిగితే తాడు తొక్కిపట్టవచ్చు.

వయసు సంగతి కూడా చెప్పాలి. 3 నుంచి 14 వారాల మధ్య కోళ్లను చూస్తూ పెరిగిన కుక్కపిల్లకు ఈ అలవాటు తేలిగ్గా వస్తుంది. మీది ఆ వయసు దాటింది, కాబట్టి ఓపిక ఎక్కువ కావాలి. పైగా ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేదాకా దానికి నిలకడ ఉండదు. నెలలు బుద్ధిగా ఉండి ఒకరోజు హఠాత్తుగా వెంటపడవచ్చు. అది చెడిపోయిందనుకోకండి, నాలుగు రోజులు మళ్లీ లీష్ మీద ఉంచండి.

ఒక్కసారి కూడా తరమనివ్వకూడదన్నది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. కోడి దొరక్కపోయినా సరే, తరమడంలోనే దానికి ఆనందం. మీ చేతిలోని ఏ ముక్కా దానికి సాటిరాదు. మరొక సలహా మీకు తప్పకుండా వినిపిస్తుంది: కోడిని మూతికి ఆనించి నాలుగు తగిలిస్తే జన్మలో ముట్టుకోదని. దయచేసి ఆ పని చేయకండి. కోడి కనిపిస్తే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క మీరున్నంతసేపూ దూరంగా ఉంటుంది. మీరు లోపలికి వెళ్లాక కోడి దగ్గరికొస్తే భయంతోనే మీద పడవచ్చు. అమాయకపు జీవిని కొట్టడం వల్ల వచ్చేది అదొక్కటే.

పచ్చి చికెన్ పెడితే రుచి మరిగి పెరటి కోళ్లను పట్టుకుంటుందని కూడా అంటారు. నేను చూసినంతలో తిండికీ తరమడానికీ సంబంధం లేదు, కడుపు నిండిన కుక్క కూడా తరుముతుంది. అయినా పచ్చిది పెట్టొద్దనే అంటాను, పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే క్రిమి వల్ల. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. ఆ వైరస్ కుక్కలకు సోకిన సందర్భాలు వేరే దేశాల్లో ఉన్నాయి. కోడి ఉన్నట్టుండి చచ్చిపోతే కుక్క నోటికి అందకుండా చూడండి. ఒకేసారి రెండు మూడు పోతే పశువైద్యశాలలో చెప్పండి.

తిండి గిన్నెలు వేర్వేరు చోట్ల ఉండాలి. కోళ్లకు కుక్క గిన్నెలో మెతుకులంటే మహా ఇష్టం, నేరుగా వచ్చి ముక్కు పెడతాయి. కోడిని ఎన్నడూ తరమని కుక్క కూడా గిన్నె దగ్గర గుర్రుమంటుంది. అందుకని మేము కుక్కలకు వరండాలో, గ్రిల్ మూసి పెడతాం. కోళ్ల దాణా కూడా కుక్కకు అందకూడదు. కొన్ని రెడీమేడ్ దాణాల్లో కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు, అవి కుక్కలకు ప్రమాదం. నూకలు, జొన్నలు, తవుడు వేసేవాళ్లకు ఆ బెడద లేదు. కోళ్ల పెంట తినే అలవాటు చాలా కుక్కలకు ఉంటుంది. రోజూ ఊడవడం, కుక్కకు టైముకు నులిపురుగుల మందు వేయడం తప్ప మార్గం లేదు.

కోళ్ల వైపు నుంచి కుక్కకు కూడా ప్రమాదం ఉంది. పిల్లల తల్లి దగ్గరికి కుక్క ఊరికే వాసన చూడటానికి వెళ్లినా ముఖం మీదికి ఎగురుతుంది, కంటికి తగిలితే కష్టం. పొదిగే పెట్టను, పిల్లల తల్లిని విడిగా ఉంచండి.

ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు తాకిన రోజున కోళ్లు నోరు తెరిచి రెక్కలు ఎత్తి రొప్పుతుంటాయి, కుక్కకూ చిరాకు ఎక్కువ. ఉన్న ఒక్క చెట్టు నీడకు రెండూ చేరితే గొడవే. నీడ రెండు చోట్ల, నీళ్లు రెండు చోట్ల ఏర్పాటు చేయండి. దీపావళికి సాయంత్రం కంటే ముందే కోళ్లను గూట్లో వేసి, కుక్కను ఇంట్లోకి తీసుకెళ్లండి. బాంబుల చప్పుడుకు బెదిరిన కుక్క ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

మీ కుక్క ఎంత మంచిదైనా గేటు తీసి ఉంటే వీధి కుక్కలు వస్తాయి. పాలవాడు, పేపరువాడు వచ్చే వేళ కోళ్లు బయట ఉండకూడదు. బయటి కుక్క ఒకటి తరమడం మొదలుపెడితే మన కుక్క కూడా జతకలుస్తుంది. ఇంట్లో రెండు కుక్కలున్నా అంతే, విడివిడిగా బుద్ధిగా ఉన్నవి జంటగా ఉన్నప్పుడు ఆగవు. మావి రెండూ ఒకేసారి కోళ్ల దగ్గర ఉన్నప్పుడు ఎవరో ఒకరం పెరట్లోనే ఉంటాం. ఇల్లు తాళం వేసి వెళ్లే రోజు కోళ్లు జాలీ లోపల. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నియమం మార్చలేదు, మార్చను కూడా.

ఎప్పుడైనా కోడి కుక్క నోట పడితే అరుస్తూ పరుగెత్తకండి, అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కోడిని లాగకండి, చర్మం చీరుకుపోతుంది. కుక్కను మెడపట్టీ దగ్గర కదలకుండా పట్టుకుని, బాగా వాసనొచ్చే తిండి మూతి దగ్గర పెట్టండి. కోడిని తీశాక ఈకలు పక్కకు తోసి ఒళ్లంతా చూడండి, పంటిగాట్లు ఈకల కింద దాగి ఉంటాయి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, అట్టపెట్టెలో చీకటిగా, వెచ్చగా ఉంచండి. గాయం చిన్నదే అనిపించినా కుక్క నోటి క్రిములకు మందు అవసరమవుతుంది, ఆ రోజే డాక్టరుకు చూపించండి. విజయవాడ వైపు వాళ్లకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మీకు గుంటూరులోనే ప్రభుత్వ పశువైద్యశాల దొరుకుతుంది.

చివరిగా పుంజు గురించి. అది పందెం జాతిదైతే వద్దని అత్తయ్యగారికి మెల్లగా చెప్పండి. కుక్కను చూసి వెనక్కి తగ్గే రకం కాదది, కాలిముల్లుతో కొట్టడానికే వస్తుంది. గుడ్లకు పుంజు అవసరమే లేదు, పెట్టలు తమంతట తామే పెడతాయి. పిల్లలు చేయించాలనుకుంటే తప్ప మొదటి ఏడాది నాలుగు పెట్టలతోనే మొదలుపెట్టండి.