కార్డు బాకీ గురించి చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నా,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. కంపెనీలో జీతం తగ్గించారని, క్రెడిట్ కార్డు మీద బాకీ లక్షా ఇరవై వేలు దాటేలా ఉందని, నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని. బ్యాంకులో లోన్ల సీట్లో పనిచేసి రిటైరైనదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను. టెన్షన్ పడకు. అలాగని వచ్చే నెలకు వాయిదా వెయ్యకు.

నెలనెలా మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కట్టేస్తున్నావట. అసలు చిక్కు అక్కడే ఉంది. నీ కార్డు వడ్డీ నెలకు 3.75 శాతం. మన ఊరి లెక్కలో మూడు రూపాయల ముప్పావలా వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటేనే మీ తాతయ్య గడప దిగి వచ్చేసేవారు. లక్షా ఇరవై వేలకు నెల వడ్డీ 4,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 810. నువ్వు కట్టేది 6,000. అసలులో తగ్గేది 690 రూపాయలే. పైగా బాకీ మొత్తం తీరేదాకా, కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి ఆ కార్డుతో ఇక పాల ప్యాకెట్ కూడా కొనకు. ఫోన్లో షాపింగ్ యాప్‌ల నుంచి తీసెయ్. ఏటీఎంలో దాంతో డబ్బు అసలే తియ్యకు, ఫీజూ వడ్డీ రెండూ ఆ రోజే మొదలవుతాయి.

ఇంత వడ్డీ ఎలా వేస్తారని మీ అమ్మ కోప్పడింది. ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకని వాళ్లు తగ్గిస్తారని చూస్తూ కూర్చోవద్దు. ఈ బాకీని నువ్వే తక్కువ వడ్డీ అప్పులోకి మార్చుకోవాలి.

ముందు కార్డు ఇచ్చిన బ్యాంకునే అడుగు. జీతం తగ్గిందని, పాత, కొత్త పే స్లిప్పులు జతచేసి మెయిల్ పెట్టు. ఫోన్లో మాట్లాడింది రేపు ఎవరికీ గుర్తుండదు. బాకీ మొత్తాన్ని 24 నెలల ఈఎంఐగా మార్చమను. ఏడాదికి 18 శాతానికి ఒప్పుకున్నా నెలకు ఆరు వేలు, మొదట్లో జీఎస్టీతో ఇంకో మూడొందలు. అంటే ఇప్పుడు కడుతున్న డబ్బుతోనే రెండేళ్లలో బయటపడతావు. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే ఛార్జీ ఉందా అనేవి ఒప్పుకునే ముందే అడుగు.

వాళ్లు కుదరదంటే బంగారం మీద లోను ఉంది. బ్యాంకుల్లో రూపాయి వడ్డీకో, ఇంకా తక్కువకో దొరుకుతుంది. కానీ ఆ బంగారం కోడలిది. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదని విన్నాను, నాకు చాలా బాధేసింది. స్టేట్‌మెంట్ ఆమె ముందు పెట్టి మాట్లాడు. ఇల్లు నడిపే మనిషికి జీతం తగ్గిన సంగతి తెలియకపోతే ఖర్చు ఎలా తగ్గుతుంది? ఆమె వద్దంటే ఆ మాట అక్కడితో వదిలెయ్. పెట్టినా గడువు దాటితే వేలం వేస్తారు, తేదీ రాసి పెట్టుకోండి.

లోన్ యాప్‌ల వైపు మాత్రం చూడొద్దు. సగం కడితే సెటిల్ చేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడకు. అప్పులు ఎలా తీర్చావో చూపించే సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడితే రేపు ఇంటి లోను అడిగినప్పుడు అదే అడ్డొస్తుంది. ఇక దారే లేనప్పుడు చూద్దాం.

ఒక నెల కట్టలేకపోయినా ఫోన్ స్విచ్ఛాఫ్ చెయ్యకు. రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. తిట్టినా, ఆఫీసులో పరువు తీస్తామన్నా వివరాలు రాసుకుని బ్యాంకుకు ఫిర్యాదు చెయ్. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చేమీ ఉండదు.

ఈ ఆదివారం మీ ఇద్దరూ కలిసి ఇంటి ఖర్చు కాగితం మీద రాయండి. దాంతో పాటు చివరి మూడు నెలల స్టేట్‌మెంట్లు నాకు వాట్సాప్‌లో పంపు. బ్యాంకుకు పెట్టే మెయిల్ నేను రాసిస్తాను.

మీ పెద్దమ్మ