గీత గీసే ముందు గొయ్యి తవ్వించు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆఫీసుకి లైట్ రైల్ (రోడ్డు మీద పట్టాలపై నడిచే ట్రామ్ లాంటిది) స్టడీ వచ్చిందనీ, సిటీ మధ్యలో లైను ఏ రోడ్డు మీదుగా పోవాలో చూసే పని నీకే ఇచ్చారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసిందమ్మా. ముప్ఫై ఏళ్ళు ఈ చెన్నై రోడ్ల కింద పైపులూ కేబుళ్ళూ పక్కకు జరిపించే పనిలోనే ఉన్నాను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు భూమి కింది సంగతి. డ్రాయింగులు చూడు, కానీ వాటినే నమ్ముకుని కూర్చోకు. ఓసారి టి.నగర్‌లో ఒక వీధి మొదట్లో రాత్రి పదకొండు దాటాక ట్రయల్ పిట్, అంటే కింద ఏముందో చూసే చిన్న గొయ్యి, తవ్వించాను. మాకిచ్చిన డ్రాయింగులో ఉన్నది ఒకే ఒక్క నీళ్ళ పైపు. రెండడుగులు దిగామో లేదో గునపానికి ఇటుక తగిలింది. పని ఆపించి, చేత్తో మట్టి తీయమన్నాను. ఇటుకల వరస కింద కరెంటు కేబుల్! దాని పక్కన పెచ్చులూడుతున్న పోత ఇనుప పైపు, ఇంకో జానెడు కింద ఎవరి లెక్కలోనూ లేని మట్టి గొట్టం, దాని అతుకులోంచి మురుగు ఊరుతోంది. మీటరు గోతిలో ఇన్ని. గునపం ఇంకో పోటు పడి ఉంటే అది పట్టుకున్న కుర్రాడు బతికేవాడు కాదు. వాడి మొహం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

నీ లైనుకి ఇదెందుకు ముఖ్యమంటే, పైపు పగిలితే బస్సు పక్క వీధిలోంచి వెళ్ళిపోతుంది. పట్టాల మీద బండికి ఆ వీలు లేదు. పట్టాల కింది కాంక్రీటు పగలగొట్టాలంటే లైను ఆపాల్సిందే. అందుకే కిందున్నవన్నీ ముందే పక్కకు జరపాలి, ఆ పనికి పట్టాలు వేసే పనికన్నా ఎక్కువ రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇంకోటి, పట్టాల గుండా తిరిగి వెళ్ళే డీసీ కరెంటు కొంత మట్టిలోకి జారి దగ్గర్లోని ఇనుప పైపుల్ని తినేస్తుంది. ఖర్చు తగ్గించాలంటూ ఎవరైనా ఆ కరెంటు జారకుండా ఆపే పట్టాల ఇన్సులేషన్ మీద కత్తెర వేస్తే అస్సలు ఒప్పుకోకు.

ఎడిన్‌బరా ట్రామ్ కథ చదువు. 2011లో నడవాల్సింది 2014 మేలో నడిచింది, అదీ కత్తిరించిన దూరానికే. ఖర్చు 77 కోట్ల 60 లక్షల పౌండ్లయింది. ఇంకా గొడవలు చాలా ఉన్నాయనుకో, కానీ రోడ్డు తవ్వేసరికి అనుకున్నదానికన్నా ఎక్కువ పైపులు బయటపడటం అందులో పెద్ద కారణం.

ఎలక్ట్రిక్ ట్రామ్ మనకేం కొత్త కాదు. దేశంలోనే మొదటిది 1895లో ఈ మద్రాసులోనే నడిచింది, 1953లో ఆగిపోయింది. ఇప్పటి రద్దీలో మళ్ళీ పట్టాలు వేస్తే మాత్రం బండికి సొంత లేన్ ఉండి తీరాలి. ఆటోలూ బైకులూ పట్టాల మీదకొచ్చేస్తే అది బస్సుకన్నా అధ్వాన్నం, పక్కకు కూడా తప్పుకోలేదు. లేన్ ఎక్కడ దొరకదో అక్కడ ఆ రోడ్డే వదిలెయ్యి.

భూసేకరణ అవసరమయ్యే ముక్క చిన్నదే కదా అని ఊరుకోకు. వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా ఉన్న 5 కిలోమీటర్ల రైలు లైను అర కిలోమీటరు స్థలం దగ్గర ఏళ్ళ తరబడి ఆగింది.

అంగళ్ళవాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళు. మొదట తిడతారు, విను. సరుకు ఏ టైముకి దిగుతుంది, చెత్తబండి ఎటు నుంచి వస్తుంది, ఇవి వాళ్ళనడిగితేనే తెలుస్తాయి. రంగనాథన్ వీధి దరిదాపుల్లో ఆడి నెల (జూలై-ఆగస్టు) అమ్మకాల నుంచి పొంగల్ దాకా బారికేడ్ పెట్టారంటే వాళ్ళ ఏడాది సంపాదన పోయినట్టే. జనం లెక్క కూడా దీపావళి ముందు ఆదివారం ఒకసారి, మామూలు మంగళవారం ఒకసారి తీయించు. పెరటాసి శనివారాల్లో వెంకటనారాయణ రోడ్డులో మన తిరుమల దేవస్థానం వారి గుడి ముందు క్యూ ఎంత దూరం వస్తుందో కళ్ళారా చూశాకే స్టాపు ఎక్కడ పెట్టాలో అనుకో.

వాన సంగతి మర్చిపోకు. పట్టాల కోసం రోడ్డు అరడుగు లేపినా నవంబరులో ఆ నీళ్ళన్నీ పక్క ఇళ్ళల్లోకే పోతాయి. ఇళ్ళ గడపల లెవెల్స్ కూడా సర్వేలో తీయించు.

ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికి పానగల్ పార్కు గేటు దగ్గరికి రా. ఎండ ఎక్కకముందే మాంబళం స్టేషన్ దాకా మ్యాన్‌హోల్ మూతలు లెక్కపెట్టుకుంటూ నడుద్దాం. టేపూ నా పాత నోటుబుక్కులూ నేను తెస్తాను. నువ్వు బూట్లు వేసుకో, చెప్పులతో రాకు.

మీ మామయ్య