నీటి ఫాంటమ్‌లో కార్బన్ శిఖరం ఎందుకు వస్తోంది?

కార్బన్ లేని నీటి ఫాంటమ్‌పై (శరీరానికి బదులు పరీక్షలకు వాడే నీటి తొట్టెపై) ప్రోటాన్ పుంజం పంపితే, గామా కిరణాల వర్ణపటంలో కార్బన్ గుర్తుగా చూసే 4.44 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్) శిఖరం ఎలా వచ్చిందని శ్రీకాకుళం నుంచి మీరు అడిగారు. ఇది డిటెక్టర్ లోపం కాదు. ప్రోటాన్ తాకిడికి ఆక్సిజన్ కేంద్రకం ఆల్ఫా కణాన్ని వదిలి ఉత్తేజిత కార్బన్-12గా మారుతుంది. 4.44 ఎంఈవీ గామా కిరణాన్ని వదిలేది ఆ కార్బనే. (తొట్టె గోడలు యాక్రిలిక్‌వైతే వాటి కార్బన్ కూడా కొంత కలుస్తుంది, ముందు అది చూసుకోండి.)

కాబట్టి కణజాలంలోని కార్బన్‌ను ఆ ఒక్క శిఖరంతో లెక్కగట్టకుండా, ఆక్సిజన్ ఇచ్చే 6.13 ఎంఈవీ శిఖరాన్నీ కొలిచి, అదే ప్రోటాన్ శక్తి వద్ద నీటిలో ఈ రెండింటికీ వచ్చిన నిష్పత్తితో ఆక్సిజన్ వాటాను తీసివేస్తే, మిగిలేది కార్బన్ వాటా. 5.62, 5.11 వద్ద కనిపించేవి 6.13 తాలూకు ఎస్కేప్ శిఖరాలు, అంటే గామా శక్తిలో 0.511 ఎంఈవీ ఒకసారి లేదా రెండుసార్లు డిటెక్టర్ నుంచి తప్పించుకుపోతే వచ్చేవి. ఇక పుంజం ఆపినా 2.61 దగ్గర నిలిచే గీత పరిసరాల్లో సహజంగా ఉండే థోరియం శ్రేణిది (థోరియం, దాని క్షయంతో వరుసగా పుట్టే రేడియోధార్మిక మూలకాలు). మన కళింగపట్నం తీరపు మోనజైట్ ఖనిజపు ఇసుకలోనూ ఉండేది ఆ థోరియమే.