ఫైల్లో నిర్ణయం ఉంటుంది, కారణం ఉండదు

ప్రభుత్వ శాఖల్లో సమాచార నిర్వహణ మెరుగుపడి, అది అందరికీ అందాలంటే ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలని మీరు అడిగారు. చాలా ఏళ్లు ఫైళ్ల మధ్య పనిచేసినవాడిగా నేను చెప్పేదేమిటంటే, సాఫ్ట్‌వేర్ తర్వాతి సంగతి. ముందు ప్రతి నిర్ణయానికీ కారణం రాసితీరాలి.

నేను ఒక ఇంజనీరింగ్ కార్యాలయంలో ఉన్నప్పుడు, ఒక పాత వంతెన మీద భారీ వాహనాలపై ఉన్న నిషేధాన్ని ఎత్తివేయమని విజ్ఞప్తి వచ్చింది. అసలు నిషేధం ఎందుకు పెట్టారో చూద్దామని ఫైలు తెప్పించాం. నోట్ ఫైల్లో, అంటే అధికారులు తమ అభిప్రాయాలు రాసే భాగంలో, పై అధికారి ‘మాట్లాడండి’ అని రాసి పొట్టి సంతకం చేశారు. దాని కిందనే, మరుసటి రోజు తేదీతో, ‘చర్చించిన మేరకు ఉత్తర్వుల ముసాయిదా సమర్పించడమైనది’ అని ఉంది. ఆ రెండు ముక్కల మధ్య వాళ్లేం మాట్లాడుకున్నారో ఫైలంతా తిరగేసినా దొరకలేదు. చివరికి, నిషేధం పెట్టిననాడు ఆ పని చూసి, అప్పటికే పదవీ విరమణ చేసిన ఇంజనీరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన అలమరలోంచి సొంత డైరీ తీసి, వరద నీరు రెండో స్తంభం పునాది కింద మట్టిని ఎంత మేర కోసుకుపోయిందో పెన్సిల్‌తో గీసిన బొమ్మను, పక్కనే వేసుకున్న కొలతలను చూపించారు. ఆ పేజీకి నకలు తీయించి, నంబరు వేసి ఫైల్లో కుట్టించేదాకా నాకు మనసు కుదుటపడలేదు. ఆయన ఆ డైరీని పారేసి ఉంటే, మేము నిషేధం ఎత్తివేసి ఉండేవాళ్లం.

బదిలీ అయినప్పుడు బీరువా తాళాలు, కుర్చీలు, ఫైళ్ల సంఖ్య లెక్కచూసి మరీ అప్పగిస్తాం గానీ, నడుస్తున్న పని ఎక్కడ, ఎందుకు ఆగిందో ఒక్క పేజీ రాసివ్వం. ఫైళ్లను స్కాన్ చేస్తే ఆ ‘మాట్లాడండి’ కంప్యూటర్లోకి యథాతథంగా ఎక్కుతుంది, అంతే. ఇప్పుడు ఆ మాటలు కూడా వాట్సాప్‌లోకి వెళ్లిపోయాయి. ఫోను మారితే అవీ పోతాయి. అంకెల పట్టికలను వంకరగా ఫొటో తీసి వెబ్‌సైట్లో పెట్టడం మరో బాధ. అందులో ఏదీ వెతకలేం, కూడలేం.

ఇదంతా చట్టం లేక కాదు. స్వీడన్ 1766లోనే ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును పౌరులకిచ్చింది. మన సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్, రికార్డులకు సూచికలు తయారుచేయాలని, 17 రకాల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను వాటి ప్రభావం పడేవారికి తెలపాలని స్పష్టంగా చెబుతోంది. అయినా అందరి దృష్టీ 6వ సెక్షన్ కింద సమాచారం కోరుతూ పెట్టే దరఖాస్తుల మీదే ఉంటుంది. దరఖాస్తుకు జవాబుగా ఇవ్వగలిగేది రికార్డులో ఉన్నదే కదా!

ఆ వంతెన ఫైలు తర్వాత, కార్యాలయంలో నా విభాగం వరకు, చర్చ జరిగిన ప్రతిసారీ ఏం మాట్లాడుకున్నామో నాలుగు వాక్యాలు రాయనిదే ఫైలు కదలకూడదని పట్టుబట్టాను. ‘రాస్తే రేపు మన మెడకే చుట్టుకుంటుంది’ అని కొందరు వెనకాడారు. కానీ మరుసటి ఏడాది ఆడిట్‌లో అభ్యంతరం వచ్చినప్పుడు, అలా వెనకాడినవారిలో ఒకరిని కాపాడింది ఆయన చేతిరాతలో ఉన్న ఆ నాలుగు వాక్యాలే.