బ్రేక్‌వాటర్ కింద ఇసుకకి అన్‌డ్రైన్డ్ అనాలిసిస్ సరిపోతుందా, కపుల్డ్ మోడలే కావాలా?

మీరు అడిగింది భావనపాడు వైపు బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే రాళ్ల కట్ట) కింద ఇసుక గురించి కదా, అలలు కొడుతుంటే పోర్ ప్రెషర్, అంటే రేణువుల మధ్య నీటి ఒత్తిడి, ఎలా మారుతుందో ఎంటెక్ ప్రాజెక్టుకి మోడల్ చెయ్యాలి, గైడ్ గారేమో అన్‌డ్రైన్డ్ (నీళ్లు ఇసుకలోంచి కదలవనుకునే లెక్క) చాలన్నారు, కపుల్డ్ (ఇసుక కదలిక, నీటి ప్రవాహం కలిపి చేసే లెక్క) కావాలేమోనని మీకు డౌటు. మీ డౌటు కరెక్టే తమ్ముడూ. నాదీ శ్రీకాకుళమే, తీరం పనులకి సాయిల్ అనాలిసిస్‌లు చేస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు సాఫ్ట్‌వేర్ తెరవకండి, కాగితం మీద ఒక్క లెక్క వెయ్యండి. మీడియం ఇసుక, పర్మియబిలిటీ (నీళ్లు ఎంత సులువుగా పారతాయో) సెకనుకి 0.0001 మీటరు, స్టిఫ్‌నెస్ 50 ఎంపీఏ అనుకుంటే సీవీ (పోర్ ప్రెషర్ ఎంత త్వరగా సర్దుకుంటుందో చెప్పే సంఖ్య) సుమారు 0.5 వస్తుంది, అంటే సెకనుకి అర చదరపు మీటరు, దాన్ని 10 సెకన్ల అల పీరియడ్‌తో గుణించి స్క్వేర్ రూట్ తీస్తే 2.2 మీటర్లు. అంటే పైన రెండు మీటర్ల మందంలో ఒక అల దాటేలోపే నీళ్లు అటూ ఇటూ కదిలిపోతాయి, అక్కడ అన్‌డ్రైన్డ్ అనడానికి లేదు, బాగా లోతుకి వెళ్తేనే అది నిజం. ఇదే ఇసుకకి అర సెకను భూకంపం ఊపు పెడితే అర మీటరే, బంకమట్టికైతే మిల్లీమీటర్లు. భూకంపాల కోడ్ ఐఎస్ 1893 2016 మ్యాప్‌లో మన జిల్లా జోన్ 2, అంటే అన్నిటికంటే తక్కువ ముప్పు, మనకి అసలు భయం 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫానుల అలలే, కాబట్టి కపుల్డ్‌కే వెళ్లండి.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి చెప్తా, నీళ్లలో గాలి. స్వచ్ఛమైన నీటి బల్క్ మాడ్యులస్ (నొక్కితే ఎంత గట్టిగా ఉంటుందో) 2.2 జీపీఏ, కానీ పోర్స్‌లో ఒక్క శాతం గాలి బుడగలుంటే 10 మీటర్ల నీటి లోతులో అది 20 ఎంపీఏ దగ్గరికి పడిపోతుంది, అంటే ఇసుక అస్థిపంజరం కంటే నీళ్లే మెత్తన అయిపోతాయి. అప్పుడు పైన అల ఒత్తిడి కిందకి ఆలస్యంగా, తగ్గిపోయి చేరుతుంది. అల పల్లం వచ్చినప్పుడు పైన ఒత్తిడి తగ్గినా కింద ఇంకా మిగిలే ఉంటుంది, నీళ్లు పైకి తోస్తాయి, ఆ తోపు ఇసుక నీటిలో బరువుకి సమానమైతే పై పొర క్షణం సేపు వదులైపోతుంది, టో (కట్ట అడుగు అంచు) దగ్గర రాళ్లు దిగబడడానికి ఇదీ ఒక కారణం. ల్యాబ్‌లో సైక్లిక్ ట్రయాక్సియల్ (ఇసుక శాంపిల్‌కి మళ్లీ మళ్లీ లోడ్ పెట్టే టెస్టు) చేసేటప్పుడు చూడండి, శాంపిల్ చుట్టూ ఉండే సెల్ ప్రెషర్ 50 కేపీఏ పెంచితే పోర్ ప్రెషర్ 35 దగ్గరే ఆగిపోతుంది, అంటే ఆ రెండిటి నిష్పత్తి, బీ వేల్యూ, 0.7, శాంపిల్ లోపలి నీటికి బ్యాక్ ప్రెషర్ ఎక్కిస్తూ ఎక్కిస్తూ 0.95 దాటించాకే లోడ్ మొదలుపెడతాం. అలా బలవంతాన గాలి కరిగించిన శాంపిల్ చూసి మోడల్‌లో సముద్రం అడుగున కూడా 2.2 జీపీఏ ఇచ్చేస్తే ఎలా? గాలి శాతం మార్చి మార్చి రన్ చెయ్యండి, రిజల్ట్ ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

ఇంకోటి, బయోట్ ఎలాస్టిక్ మోడల్ (ఇసుక స్ప్రింగులా తిరిగి మామూలుకి వస్తుందనుకునే కపుల్డ్ మోడల్) ఎంత బాగా కట్టినా అలతో పాటు ఎక్కి దిగే ప్రెషరే చూపిస్తుంది, అల తర్వాత అల పేరుకుపోయే ప్రెషర్ అందులో రాదు. కళింగపట్నంలో నీటి అంచున తడి ఇసుక మీద ఒకేచోట కాలితో కొడుతూ ఉండండి, మొదట గట్టిగానే ఉంటుంది, కాసేపటికి నీళ్లు పైకి చెమ్మగిల్లి పాదం దిగబడిపోతుంది. ఇసుక రేణువులు దగ్గరపడదామని చూస్తుంటే మధ్యలో నీళ్లు బయటికి పోయే టైం లేక భారం వాటి మీద పడుతుంది, 1964 నీగాటా భూకంపంలో అపార్ట్‌మెంట్లు పక్కకి ఒరిగిపోయింది ఇందుకే. ఇది పట్టుకోవాలంటే పీఎం4శాండ్, యూబీసీశాండ్ లాంటి ప్లాస్టిసిటీ మోడల్ (ఇసుక తిరిగి రాని మార్పుని కూడా లెక్కేసేది) పెట్టాలి, ఆ పారామీటర్లు కూడా సైక్లిక్ టెస్టుకి సరిపోల్చి తియ్యండి, డీఫాల్ట్‌లు వద్దు.

బయోట్ 1956లో చెప్పిన రెండో పీ-వేవ్ (నీళ్లు, ఇసుక ఎదురెదురుగా కదిలే నెమ్మది తరంగం) గురించి బెంగ పెట్టుకోకండి, అలల ఫ్రీక్వెన్సీలో అది పుట్టినచోటే చచ్చిపోతుంది, డిస్‌ప్లేస్‌మెంట్, పోర్ ప్రెషర్ మాత్రమే తెలియని రాశులుగా తీసుకునే యూ-పీ ఫార్ములేషన్ చాలు. ఎలిమెంట్‌లో మాత్రం డిస్‌ప్లేస్‌మెంట్‌కి క్వాడ్రాటిక్, ప్రెషర్‌కి లీనియర్ పెట్టండి, రెండూ ఒకటే ఆర్డర్ పెడితే పర్మియబిలిటీ తక్కువున్న పొరల్లో ప్రెషర్ చదరంగం గళ్లలా వచ్చి కూర్చుంటుంది, అది నిజమనుకుని రిపోర్టులో పెట్టేసిన వాళ్లని చూశాను. మొత్తం మెష్ కట్టే ముందు ఒక్క కాలమ్ మీద టెర్జాగి కన్సాలిడేషన్ (లోడ్ పెడితే నీళ్లు మెల్లగా బయటికి పోయి మట్టి కుదురుకునే లెక్క) రన్ చేసి చేత్తో వేసిన లెక్కతో పోల్చండి, అది కలవకపోతే ఇంకో అడుగు ముందుకి వెయ్యొద్దు.