లోపలి పరీక్ష అనగానే గర్భిణి బిగుసుకుపోతుంటే

లేబర్ రూమ్‌లో లోపలి పరీక్షకు (యోనిలో వేళ్లతో చూడటానికి) మీరు చేయి వేయగానే ఆమె కేకలు పెట్టి కాళ్లు దగ్గరకు లాక్కుంటోందంటే అది మొండితనం కాదు, చాలావరకు భయం. "సహకరించమ్మా" అని గొంతు పెంచితే ఇంకా బిగుస్తుంది.

ఎక్కువమంది వదిలేసేది ఒక్కటే: ముట్టుకునే ముందు చెప్పి, ఆమె "సరే" అనేదాకా ఆగడం.

1. నొప్పి వస్తున్నప్పుడు ఏమీ వివరించొద్దు, తలకెక్కదు. తగ్గాక పేరు పెట్టి పిలవండి.
2. ఏం చేస్తారో, ఎందుకో రెండు ముక్కల్లో చెప్పండి. "ఆపమంటే ఆపేస్తాను" అనండి. అన్నాక నిజంగానే ఆపాలి. ఒక్కసారి మాట తప్పితే తర్వాత ఎంత బతిమాలినా నమ్మదు.
3. తెర వేసి, దుప్పటి కప్పండి. నెమ్మదిగా ఊపిరి వదులుతున్నప్పుడే పరీక్ష.
4. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో ముందు ఆమెకు చెప్పండి, కేస్ షీటు తర్వాత.

అంతా మామూలుగా ఉంటే ప్రసవం చురుకైన మొదటి దశలో (ముఖద్వారం పూర్తిగా తెరుచుకునేదాకా) 4 గంటలకోసారి పరీక్ష చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉంది. డ్యూటీ మారిన ప్రతివాళ్లూ మళ్లీ చూడక్కర్లేదు. ఆమె కోరిన తోడును పక్కనే ఉండనివ్వండి.

రక్తస్రావం కనిపిస్తే మాత్రం లోపలి పరీక్ష చేయకుండా వెంటనే డాక్టరును పిలవండి.