అమ్మాయికి చదువా, తమ్ముడికి ఆయానా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ పాసైంది. బాబుకి 9 ఏళ్లు, ఆటిజం. ఆన్‌లైన్‌లో 3 నెలల బిహేవియర్ థెరపీ సర్టిఫికెట్ చేయిస్తే ఇంట్లోనే వాడికి నేర్పుతుంది కదా అని నా ఆలోచన. తనేమో ప్రత్యేక అవసరాల పిల్లలకి చదువు చెప్పే టీచర్ల కోర్సు, రెండేళ్ల స్పెషల్ డీఎడ్ అంటోంది. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే గానీ, మీ దిగులు వేరు. మా తరవాత వీణ్ణి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లో వచ్చింది. ఇంట్లో ఆడపిల్ల ఉంటే చాలు, అందరి చూపూ ఆ పిల్ల మీదే. కోపం తెచ్చుకోకండి, మీరు వెతుకుతున్నది అమ్మాయికి ఉద్యోగం కాదు, అబ్బాయికి జీతం లేని ఆయాని.

ఆ సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. ప్రకటనల్లో బీఏసీబీ, అంటే బిహేవియర్ థెరపీ చేసేవాళ్లకి సర్టిఫికెట్లిచ్చే అమెరికా బోర్డు, పేరు కనిపిస్తే ఆగండి. 2023 జనవరి నుంచి మన దేశంలో ఉంటున్నవాళ్ల కొత్త దరఖాస్తులు ఆ బోర్డు తీసుకోవడం లేదు. ఆ బోర్డు పెట్టిన 40 గంటల శిక్షణ అక్కడ కూడా థెరపిస్టుల సహాయకులకే, వాళ్లు ఇంకొకరి పర్యవేక్షణలోనే పనిచేయాలి. మన దగ్గర స్పెషల్ టీచర్‌కి కావలసింది కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్. అది 3 నెలల కాగితానికి రాదు.

పైగా ఆ ఆన్‌లైన్ కోర్సుల వీడియోల్లో ప్రాంప్టింగ్ (పిల్లాడు పని చేసేలా సాయం అందించడం) అంటే చెయ్యి పట్టుకుని చేయించడమే. అసలు విద్యంతా ఆ చెయ్యి ఎప్పుడు తీసేయాలన్న దాంట్లో ఉంది. చొక్కా గుండీ పెట్టడం నేర్పాలంటే ముందు చెయ్యి పట్టి పెట్టించాలి. తరవాత మణికట్టు తాకితే చాలు, ఆపైన వేలితో చూపిస్తే చాలు. చివరికి ఏమీ చేయకుండా కాసేపు ఆగడం. ఈ ఆగడమే ఎవరికీ చేతకాదు. బడి టైమైందని అమ్మ పెట్టేస్తుంది, పిల్లాడు రేపూ ఆ చెయ్యి కోసమే చూస్తాడు. మాటలు వచ్చిన పిల్లలకైతే పని మెట్లు పైకి చెప్పుకుంటూ చేయడం నేర్పి, నెమ్మదిగా దాన్ని గొణుగుడుకీ, ఆపైన మనసులోకీ దించుతారు. మీ దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అలాంటిచోట మాట కన్నా ముందు సైగా, బొమ్మ కార్డూ పనికొస్తాయి. ఏ పిల్లాడికి ఏది అన్నది పిల్లల మధ్య, పక్కన తప్పు దిద్దేవాళ్లుంటేనే వస్తుంది. అందుకే అమ్మాయి మాటే సరి.

ఉద్యోగం గురించి బెంగ వద్దు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, ప్రైమరీలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన పెట్టింది. అమలు నత్తనడకే, అయినా టీచర్ల అవసరం తీరేది కాదు. సికింద్రాబాద్‌లో ఇలాంటి కోర్సులు చెప్పే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పలాసలో రైలెక్కించడానికి భయమెందుకు?

బాబుకి నేర్పడం మీరూ, మీ ఆవిడా మొదలుపెట్టండి, గుండీతోనే. వాడికి 18 దాటాక 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి సంరక్షకుడి కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అదే ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా లక్ష దాకా ఇస్తుంది. అది ఇప్పుడే తీసుకోండి.

అమ్మాయిని ఒకే ఒక్కటి అడగండి: తమ్ముడు లేకపోయినా ఇదే చదివేదానివా? అవునంటే, ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. కాదంటే, మీరు ఒత్తిడి చేయకండి.